పుదుచ్చేరి నుంచి తాడు లేకుండా

పుదుచ్చేరి వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, సముద్రం చూశావా అని. చూశాను. గురువారం సాయంత్రం, ముప్పావుగంట. మిగతా రోజులన్నీ నేను చూసింది మా లారీ డీజిల్ ట్యాంకును. రెంటిలో ఏది చూడదగ్గదని అడిగితే ట్యాంకేనంటాను. నవ్వేవాళ్లు నవ్వండి, చివరిదాకా చదివాక మాట్లాడుకుందాం.

గూడూరు, మంగళవారం తెల్లవారుజామున

మాది నిమ్మకాయల వ్యాపారం. నాకు డెబ్భై ఒకటి, లారీకి ఇరవై రెండు. లారీ నాదీ, మా బావగారి అబ్బాయి సుధాకర్‌దీ చెరి సగం. డ్రైవరు చెంగయ్య మాత్రం అచ్చంగా లారీ మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఆ స్టీరింగ్ మీద వేరే చెయ్యి పడలేదు.

ఎనిమిది నెలలుగా లారీకి ఒక జబ్బు పట్టుకుంది. తోటల నుంచి మండీకి తిరిగినంతకాలం బాగానే ఉంటుంది. దూరం పంపితే దారిలో నిలిచిపోతుంది. ముందు లాగుడు తగ్గుతుంది, తర్వాత దగ్గుతుంది, తర్వాత ఆగుతుంది. ట్యాంకులో డీజిల్ ఉంటుంది, ఇంజనుకు అందదు. మా ఊరి మెకానిక్ రెండుసార్లు ఫిల్టర్లు మార్చాడు. ట్యాంకులోని డీజిల్‌ను లాగి ఇంజను వైపు నెట్టే ఫీడ్ పంపును కూడా ఒకసారి మార్చాడు. డబ్బు పోయింది గాని జబ్బు పోలేదు. రెండుసార్లు మా లారీ మరో లారీ వెనక తాడు కట్టించుకుని ఇంటికొచ్చింది. ఊరంతా చూసింది.

సుధాకర్ విసిగిపోయాడు. "పిన్నీ, పాత ఇనుము కొనేవాడు ఆదివారం పొద్దున వస్తానన్నాడు. ఇచ్చేద్దాం," అన్నాడు.

"పుదుచ్చేరికి లోడు ఒప్పుకున్నాం కదా. అది దించి రానీ."

"సరే, రానీ. తన చక్రాల మీద తాను తిరిగొస్తే ఉంచుకుందాం. మూడోసారి కూడా తాడు కట్టుకుని వస్తే మాత్రం వాకిట్లోకి రానివ్వను, అటునుంచి అటే తూకానికి పంపిస్తా."

మాట మాటే అన్నాను. చెంగయ్య పక్కనే నిలబడి తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. యాభై ఆరేళ్లవాడికి ఇప్పుడు ఇంకో లారీ ఎవరిస్తారు?

అందుకే నేనూ ఎక్కాను. ఇంకో కారణం కూడా ఉంది. నిరుడు ఎవరో ట్యాంకులోంచి డీజిల్ లాగేస్తుంటే పాత మూత పారేసి తాళం మూత వేయించాను. దాని తాళంచెవులు రెండూ నా కొంగునే ఉంటాయి, ఎవరికీ ఇవ్వను. పుదుచ్చేరిలో డీజిల్ మన దగ్గరకంటే లీటరుకు దాదాపు పది రూపాయలు చవక. "తాళంచెవి మీ కొంగున ఉంటే ఆ చవక డీజిల్ నేను యాడ పోయించేదమ్మా?" అని చెంగయ్య ఏడాదిగా దెప్పుతున్నాడు. ఆ దెప్పుడు కూడా ఈసారితో తీరిపోతుందనుకున్నాను.

మేం కోరని మజిలీలు

తడ దాటాక మొదటిసారి ఆగింది. చెంగల్పట్టు దాటాక రెండోసారి, తిండివనం ఇంకా కనుచూపు మేరలో ఉందనగా మూడోసారి. ఆగినప్పుడల్లా ఇద్దరం చెరో పక్క దిగేవాళ్లం. చెంగయ్య ఇంజను దగ్గర చేతిపంపు కొట్టి గాలి తీసేవాడు. నేను ట్యాంకు దగ్గరికెళ్లి, తాళం తీసి, గాట్లు పెట్టిన వెదురు పుల్ల ముంచి డీజిల్ ఎంతుందో చూసేదాన్ని. ఆగిన చోటల్లా కొలవడం నా పద్ధతి. మూత ఎంత బిగిసిపోయేదంటే కొంగు చుట్టి తిప్పితేగాని వచ్చేది కాదు. మంచి తాళమే కొన్నానని సంతోషించాను.

ప్రతిసారీ పావుగంటలో లారీ లేచి కూర్చుంది.

"చూస్తిరా అమ్మా," అన్నాడు చెంగయ్య. "నేను ఒక్కణ్ణే వస్తే రెండు గంటలు పడుకుంటాది. మీరు ఎక్కితే పావుగంటకే లేస్తాది. దీనికి మీరంటే భయం."

"దానికున్న బుద్ధి నీకుంటే బాగుండేది," అన్నాను.

తిండివనం ముందు ఆగిన చోట ఒకామె పనసతొనలు అమ్ముతోంది. నాకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇరవై రూపాయలకు ఆరు తొనలిచ్చింది. ఆగిన లారీ వైపు చూసి జాలిపడి ఏడోది ఊరికే చేతిలో పెట్టింది. మా ఊళ్లో అయితే ఆగిన లారీని చూసి రెండు తొనలు తగ్గిస్తారు, ఎక్కడికీ పోలేరు కదా అని.

పొద్దుగూకే వేళకు పుదుచ్చేరి చేరాం. కాయ చెడలేదు. బుధవారం పొద్దున మండీలో దించేశాం. నా పని అక్కడితో అయిపోయింది, లారీ పని మొదలైంది.

ముదలియార్‌పేట, బుధవారం

మండీలో హమాలీలు చెప్పిన గుర్తు పట్టుకుని ముదలియార్‌పేటలో ఒక షెడ్డు ముందు ఆపాం. లోపల తెలుగు వినబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"యాడనించి వస్తా ఉండారు?" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు మెకానిక్. పేరు కె. గోవిందస్వామి, యాభై దాటినవాడు. వాళ్ల ముత్తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నారట. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం ఎవరికీ రాదు. కావలసిన సామాన్లు ఒక చీటీ మీద రాసుకున్నాడు. అక్షరాలు తమిళం, చదివి వినిపిస్తే మాటలు తెలుగు. నా భాష నాకు చదవడం రాకపోవడం అదే మొదటిసారి.

షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. గోవిందస్వామి తల్లి కన్నమ్మ నాకంటే మూడేళ్లు చిన్నది. "అక్కా, లాడ్జీ ఏంది లాడ్జీ! లారీ మా వాకిట్లో ఉంటే మీరు యాడికో పోయి పండుకుంటారా? సుమ్మా, ఊరికే లోపలికి రాండి," అని నా సంచి లాగేసుకుంది. నాకు బియ్యప్పిండి సేమ్యాలాంటి ఇడియాప్పం, కొబ్బరిపాలు పెట్టింది. చెంగయ్యకు చేపల పులుసుతో అన్నం పెట్టింది. వాళ్ల పులుసు మన పులుసు కంటే చిక్కనట, కారం తక్కువట, చెంగయ్య చెప్పాడు. అది తమ తప్పు కాదు, ఊరి తప్పు అంది కన్నమ్మ.

గోవిందస్వామి ట్యాంకు కింది నట్టు విప్పి గాజు సీసాలోకి కాస్త డీజిల్ పట్టాడు. అడుగున ఎర్రటి మట్టిలాంటిది పేరుకుంది.

"పెద్దమ్మా, ఇది సూడండి. లోపలంతా తుప్పు. పంపు కొత్తదే గాని దానికి తాపించేది ఈ బురద. ట్యాంకు దించాల్సిందే."

"ఎన్ని రోజులు?"

"ఈ పొద్దు దించి కడగతా. రేపు ఎండాల. శుక్రవారం ఎక్కిస్తా, కండిప్పా."

కండిప్పా అంటే తప్పకుండా అనట. శనివారం బయల్దేరితే ఆదివారానికి ముందే ఇంట్లో ఉంటాం. సరేనన్నాను.

ట్యాంకు కడగడం నేను దగ్గర కూర్చుని చూశాను. డీజిలంతా పీపాల్లోకి వంపారు. పట్టీలు విప్పి నలుగురు పట్టి కిందికి దించారు. చాకలి సోడా కలిపిన వేడినీళ్లు, గుప్పెళ్ల కొద్దీ గులకరాళ్లు, ఒక పాత సైకిల్ చైను లోపల వేసి, అటూ ఇటూ ఊపారు. మొదటి నీళ్లు ఇటుకరాయి రంగులో వచ్చాయి. ఆరో విడత నీళ్లు తేటగా వచ్చాయి. ఒక అతుకు దగ్గర సన్నని చిల్లు ఉంటే కోసపాళయంలో టంకం వేసే ఆయన దగ్గరికి ఆటోలో పంపి మూయించారు. పంపు కూడా విప్పి, అరిగిన వాషర్లు మార్చి, చిన్న కవాటాలు రెండూ కిరసనాయిల్లో కడిగారు.

ఇంత కడిగినా ఒక్కటి మాత్రం కడగలేదు. అది ట్యాంకు మూత. చెంగయ్య ప్రతి శుక్రవారం మూత మీద గంధం అద్ది కుంకుమ బొట్టు పెడతాడు. "ట్యాంకు బండికి కడుపమ్మా. బొట్టు పెట్టాల్సింది కడుపుకే," అంటాడు. గోవిందస్వామి ఆ మూతను చూసి, కళ్లకద్దుకుని, కిటికీ గూట్లో పెట్టాడు. పని పిల్లలెవరూ బొట్టు చెరిపే సాహసం చెయ్యలేదు. నేనూ పద్ధతి కదా అనుకున్నాను.

ట్యాంకు ఎండింది, నేను సముద్రం చూశాను

గురువారం ట్యాంకును బోర్లించి ఎండలో పెట్టారు. పొద్దున కన్నమ్మ కొత్త నువ్వులనూనె డబ్బా తెరిచింది. మూలన మేకుతో ఒక కన్నం పొడిచి వంచింది. నూనె గుటకలు పడుతూ, ఆగుతూ, ఒక్కసారిగా చిమ్మి గట్టంతా పడింది.

"రెండో మూల ఇంకో కన్నం పొడువమ్మా," అన్నాను. "గాలి పోతేనే నూనె వస్తుంది."

"మా అత్త కూడా ఇట్లే మొత్తుకునేది," అని నవ్వింది. రెండో కన్నం పొడిచాక దారంలా జారింది. "సచ్చినా ఆమె మాట నెగ్గించుకునింది సూడు."

సాయంత్రం ఇద్దరం సముద్రం ఒడ్డుకు వెళ్లాం. రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఎర్ర టోపీ పోలీసు ఒకాయన నన్ను చెయ్యి పట్టి రోడ్డు దాటించాడు. మా ఊళ్లో నేనే పోలీసుకు దారి చెప్పాలి. అరటికాయ బజ్జీలు ఒక్కోటి పది రూపాయలు, పర్వాలేదు. అక్కడే ఉండగా సుధాకర్ ఫోన్ చేశాడు.

"పిన్నీ, ఎట్లా ఉంది బండి?"

"ఎండుతోంది."

"ఎండుతోందా? సరేలే. నేను కొత్త తాడు కొన్నాను, గట్టిది. యాడ ఆగితే ఆడికి ఇంకో లారీ పంపిస్తా, మొహమాటపడకుండా చెప్పు."

ఫోన్ పెట్టేశాను. కన్నమ్మ నా ముఖం చూసి ఇంకో బజ్జీ ఇప్పించింది.

గోరిమేడు, శుక్రవారం మధ్యాహ్నం

పొద్దున ట్యాంకు ఎక్కించారు. లోపల టార్చి వేసి చూస్తే కొత్త గిన్నెలా మెరిసింది. కన్నమ్మ స్నానం చేసి వచ్చి, మూత మీద పాత గంధం పైనే కొత్త గంధం దిట్టంగా మెత్తి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు మావే. బంకుకు వెళ్లి చవక డీజిల్ మూతిదాకా పోయించాను. చెంగయ్య చిన్నపిల్లాడిలా మీటరు వైపే చూస్తూ నిలబడ్డాడు. మూత బిగించి తాళం వేశాను. గోవిందస్వామి మాతో క్యాబిన్‌లో ఎక్కాడు. ఊరి అవతలికి ఒకసారి నడిపి చూద్దామని తిండివనం రోడ్డు పట్టాం.

గోరిమేడు ఆసుపత్రి దాటామో లేదో లారీ దగ్గింది. రెండుసార్లు దగ్గి, రోడ్డు పక్కకు వాలి, ఆగిపోయింది. వచ్చేటప్పుడు గంటన్నర నడిచాక ఆగినది ఇప్పుడు అరగంట కూడా నడవలేదు.

చెంగయ్య స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. గోవిందస్వామి కిందికి దూకి పంపు దగ్గర వంగాడు. "కడిగితిని, మార్చితిని, ఇంకేంది దీనికి?" అని తనలో తానే గొణుక్కుంటున్నాడు. నాకు తాడు కళ్లముందు కనబడింది.

అలవాటు కొద్దీ దిగి పుల్ల తీసుకుని ట్యాంకు దగ్గరికెళ్లాను. మూత కదల్లేదు. కొంగు చుట్టి రెండు చేతులా తిప్పాను. వదిలీ వదలగానే హుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. ట్యాంకు పక్క రేకు రేకుడబ్బా మూతలా ఠప్పుమని బయటికి పొంగింది. వచ్చే దారిలో పక్కనుంచి లారీలు హోరెత్తిపోతుంటే ఈ చప్పుళ్లు నాకు వినపడలేదు. ఇక్కడ ఆసుపత్రి దగ్గర హారన్ కూడా లేదు.

నాకు కన్నమ్మ నూనె డబ్బా గుర్తొచ్చింది.

"గోవిందస్వామీ, పంపు కొట్టకు. చెయ్యి తియ్యి," అన్నాను. "చెంగయ్యా, నువ్వు ఒక్కడివే వచ్చినప్పుడు ఆగితే ఎంతసేపటికి లేస్తుంది?"

"రెండు గంటలు. లేవకపోతే తాడే."

"నేను ఉంటే?"

"పావుగంట. చెప్తిని గదమ్మా, భయమని."

"నువ్వు చెయ్యనిది నేనేం చేస్తాను?"

చెంగయ్య ఆలోచించాడు. "తిడతారు."

గోవిందస్వామి పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా చేతిలో మూత వైపు చూసి టక్కున ఆపేశాడు.

"తాళం తీసి మూత తెరుస్తాను," అన్నాను. "అదీ నేను చేసేది. ఇప్పుడు ఇంకేమీ ముట్టుకోకుండా ఊరికే స్టార్ట్ చెయ్యి."

రెండో తిప్పుకే లారీ అందుకుంది. ఎక్కడా దగ్గు లేదు.

గోవిందస్వామి మూత లాక్కుని తిప్పి తిప్పి చూశాడు. "దీనికి గాలి కన్నం యాడ?" తాళంచెవి దూర్చే చోటు పక్కన సూది మొనంత రంధ్రం ఉండాలట. డీజిల్ తగ్గినకొద్దీ అందులోంచి గాలి ట్యాంకులోకి పోవాలి. పోకపోతే పంపు ఎంత లాగినా డీజిల్ కదలదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటే తక్కువ, అందుకే ఈసారి అంత త్వరగా ఆగింది. పాత మూత వదులుగా ఉండేది కాబట్టి అంచుల్లోంచే గాలి పీల్చుకునేది. నేను వేయించిన తాళం మూతకు ఉన్నది ఆ ఒక్క రంధ్రమే. అది ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే దాని మీద ఏడాది శుక్రవారాలు ఉన్నాయి.

భుజం మీది పిన్నీసు తీసి గీకడం మొదలుపెట్టాను.

"అమ్మా! అమ్మా! అది శుక్రవారం గంధం!" చెంగయ్య క్యాబిన్‌లోంచి దూకినంత పని చేశాడు.

"గంధం కాదురా, గచ్చు," అన్నాను. పెంకులు పెంకులుగా ఊడింది. పైన కన్నమ్మ పెట్టింది ఇంకా పచ్చిగా ఉంది, కింద చెంగయ్యవి రాయి కట్టాయి. అడుగున పిన్నీసు మొన ఒకచోట సుతారంగా దిగింది. మూత పెదవుల దగ్గర పెట్టుకుని ఊదాను. అవతలి పక్క గోవిందస్వామి అరచేతికి గాలి తగిలింది.

"ట్యాంకంతా కడిగి, దీనికి మాత్రం దణ్ణం పెట్టి గూట్లో పెడితిని!" అని నెత్తి కొట్టుకుని నవ్వాడు. "పెద్దమ్మా, ఇది మా అమ్మకు మీరే చెప్పాల. నేను చెప్తే రాత్రికి కూడు పెట్టదు."

మూత బిగించి, తాళం వేసి, తిండివనం దాకా వెళ్లాం. ఆగలేదు. తిరిగొచ్చాం. ఆగలేదు. దార్లో ఎదురైన ప్రతి లారీకీ చెంగయ్య హారన్ కొట్టాడు, ఆసుపత్రి దగ్గర తప్ప.

కన్నమ్మ విని నోరు నొక్కుకుంది. "అయ్యో, పొద్దున నా సెయ్యే గదా!" అంది. తర్వాత లోపలికెళ్లి గంధం గిన్నె తెచ్చి, ట్యాంకు చెంప మీద, రేకు మధ్యలో, పెద్ద బొట్టు పెట్టింది. "కడుపుకు బొట్టు పెట్టాల గాని ముక్కుకు పెడితే ఎట్లా?" అని చెంగయ్యనే గదమాయించింది. చెంగయ్య తలొంచుకుని ఒప్పుకున్నాడు. గోవిందస్వామి పనికి తగ్గ డబ్బు తీసుకున్నాడు, శుక్రవారం నడిపి చూసినదానికి మాత్రం తీసుకోనన్నాడు. అది నా పనట.

తిరుగుదారి, శనివారం

కన్నమ్మ బేకరీ రొట్టెలు రెండు, నువ్వులనూనె సీసా ఒకటి కట్టి ఇచ్చింది. చేతికర్రంత పొడుగు రొట్టె, పైన పెంకులా గట్టి, లోపల దూదిలా మెత్తన. చెంగయ్య దాన్ని పప్పులో ముంచి తినాలన్నాడు. నేను టీలో అన్నాను. ఆ వాదన చెంగల్పట్టు దాకా నడిచింది, లారీ కూడా నడిచింది.

తిండివనం దాటాక పనసతొనల ఆమె అక్కడే ఉంది. నడుస్తున్న లారీలోంచి చెయ్యి ఊపాను. గుర్తుపట్టి రెండు చేతులూ ఎత్తింది. మదరాసు దాటాక ఒక లారీ ఇంకోదాన్ని తాడు కట్టి లాక్కుపోతూ కనబడింది. చెంగయ్య మీసం సవరించుకున్నాడు.

తడ దగ్గరికి వచ్చాక అడిగాడు, "పుల్ల వేసి కొలవరా అమ్మా?"

"ఆగితే కదా కొలిచేది," అన్నాను. కొంగు ముడి విప్పి, రెండు తాళంచెవుల్లో ఒకటి తీసి అతని ముందు డాష్‌బోర్డు మీద పెట్టాను. "ఈసారి చవక డీజిల్ నువ్వే పోయించుకురా."

చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. నాయుడుపేట దాటాక చూస్తే అక్కడ లేదు, అతని జేబు బటను పెట్టి ఉంది.

పొద్దు వాలకముందే గూడూరు చేరాం. సుధాకర్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన చుట్ట చుట్టిన కొత్త తాడు. లారీ మలుపు తిరిగి, దగ్గకుండా, తన దారిన తాను వచ్చి, అతని కుర్చీకి బారెడు దూరంలో ఆగింది. ముందు లారీని చూశాడు, తర్వాత లారీ ముందు ఇంకో లారీ ఉందేమోనని చూశాడు. లేదు.

"ఏం పాడైంది పిన్నీ?" అన్నాడు.

"ఏమీ పాడవలేదు. దానికి ఊపిరాడలేదు, అంతే."

ఆదివారం పొద్దున పాత ఇనుము ఆయన కాటాతో సహా వచ్చాడు. అప్పటికి మా లారీ నిమ్మకాయలతో నిండి, మళ్లీ పుదుచ్చేరికే, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. సుధాకర్ ఆయనకు కాఫీ ఇచ్చి పంపించాడు.

తాడు మాత్రం గట్టిదే. లోడు మీద టార్పాలిన్ దానితోనే కట్టాం.